విశ్వంలో పదార్థం 31.5 శాతమా, 29.8 శాతమా?

విశ్వంలో ఉన్నదంతా కలిపి నూరు పాళ్లు అనుకుంటే, అందులో పదార్థం ఎన్ని పాళ్లు? ప్లాంక్ ఉపగ్రహం 2018లో ఇచ్చిన ఆఖరి లెక్క 31.53 అంటోంది. అమెరికాలో, అరిజోనా కొండ మీద నడుస్తున్న డెసీ సర్వే 2025 మార్చిలో ఇచ్చిన లెక్క 29.75 అంటోంది. మొదటిది 0.73 అటూఇటూ కావచ్చు, రెండోది 0.86 అటూఇటూ కావచ్చు. 1990ల మొదట్లో ఇదే అంకె మీద ఒకరు 20 అని, ఇంకొకరు 100 అని వాదించుకున్నారు. అప్పటి గొడవతో పోలిస్తే ఇప్పటి తేడా ఉన్నా లేనట్టే అనిపిస్తుంది. కానీ ఇవాళ విశ్వశాస్త్రంలో తెగని రెండు ప్రశ్నలు ఈ 1.78 పాళ్ల సందులోనే ఇరుక్కుని ఉన్నాయి. న్యూట్రినోల ద్రవ్యరాశి ఎంత? విశ్వ వ్యాకోచాన్ని వేగవంతం చేసే కృష్ణశక్తి కాలంతోపాటు మారుతోందా?

ఈ రెండు అంకెలూ వేర్వేరు దారుల్లో వచ్చాయి. విశ్వం పుట్టిన 3.8 లక్షల ఏళ్లకు బయలుదేరిన వెలుగును కొలిచి ఒకదాన్ని రాబట్టారు. ఆ తర్వాత వందల కోట్ల ఏళ్లలో ఏర్పడిన గెలాక్సీలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి రెండోదాన్ని తీశారు. విడివిడిగా చూస్తే రెంటిలోనూ తేలని సంగతులు చాలా ఉంటాయి. కలిపి చూస్తే మాత్రం మామూలు సగటు లెక్కకు అందనంత కచ్చితత్వం వస్తుంది. అదెలా సాధ్యమో, ఆ కచ్చితత్వాన్ని ఎంతవరకు నమ్మవచ్చో అంకెలతోనే చూద్దాం.

ఐదు కోట్ల బిందువుల నుంచి ఆరు అంకెలకు

ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ 1964-65లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో బెల్ ల్యాబ్స్ యాంటెనాతో పనిచేస్తుండగా, ఆకాశంలో ఏ దిక్కుకు తిప్పినా పోని ఒక రేడియో సద్దు పట్టుబడింది. దాన్నే మైక్రోవేవ్ నేపథ్యం అంటున్నాం. బయలుదేరినప్పుడు సుమారు 3,000 కెల్విన్ల వేడిలో ఉన్న ఆ వెలుగు, విశ్వం వ్యాకోచించేకొద్దీ చల్లబడి ఇప్పుడు 2.725 కెల్విన్ల దగ్గర ఉంది. సెల్సియస్‌లో అయితే సున్నాకు దిగువన 270.4 డిగ్రీలు. అన్ని దిక్కులా దాదాపు ఒకే ఉష్ణోగ్రత. దాదాపు అనే మాట వెనక ఎంత తేడా ఉందో 1992లో కోబె ఉపగ్రహం చెప్పింది: లక్షలో ఒక వంతు.

విశ్వశాస్త్రానికి కావలసిన సమాచారమంతా ఆ లక్షలో ఒక వంతులోనే ఉంది. 2009 మే 14న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి బయలుదేరిన ప్లాంక్, ఆకాశాన్ని 5,03,31,648 బిందువులుగా చీల్చిన పటాలు ఇచ్చింది. ఏ బిందువు దగ్గర వేడి, ఏ బిందువు దగ్గర చలువ అన్నది ఎవరికీ అక్కర్లేదు, అది కాకతాళీయం. ఎంత దూరంలో ఉన్న బిందువుల మధ్య ఎంత పోలిక ఉందన్నదే అసలు సంగతి. అందుకే ఐదు కోట్ల బిందువుల్నీ సుమారు రెండున్నర వేల అంకెల పట్టికగా కుదిస్తారు. ఆ పట్టికలోని ఎత్తుపల్లాలన్నిటినీ ఆరే ఆరు పరామితులున్న నమూనా వివరించేస్తుంది. ఐదు కోట్లు ఆరుకు దిగడం, అదీ ఏమీ మిగలకుండా దిగడం, ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ ఆరింటిలో రెండు, సాంద్రతలు. మామూలు పదార్థానిది 0.02237, కృష్ణ పదార్థానిది 0.1200. అంటే కంటికి కనిపించే జాతి పదార్థం కంటే కనిపించనిది 5.4 రెట్లు. మరో రెండు, తొలి అలల బలమూ వాలూ. వాలు 0.9649, అంటే సరిగ్గా 1 కాదు. ఐదోది ఒక కోణం, ఆరోది ఒక మసక. చివరి రెంటికీ ఈ కథలో పని ఉంది కాబట్టి కాస్త ఆగుదాం.

తొలి 3.8 లక్షల ఏళ్లలో విశ్వం వేడి ప్లాస్మా. అందులో శబ్ద తరంగాలు కాంతి వేగంలో దాదాపు సగం వేగంతో పరుగెత్తాయి. అణువులు ఏర్పడి వెలుగు విడిపోగానే ఆ తరంగాలు ఉన్నచోటే గడ్డకట్టాయి. అప్పటికి అవి పోయిన దూరం, నేటి కొలతలో, 147.09 మెగాపార్సెక్‌లు. అంటే దాదాపు 48 కోట్ల కాంతి సంవత్సరాలు. తరంగాలు అప్పటికి పోయిన ఈ దూరమే మైక్రోవేవ్ ఆకాశంలో 0.6 డిగ్రీల కోణంగా కనిపిస్తుంది, నిండు చందమామ వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. ప్లాంక్ ఆ కోణాన్ని పదివేలలో మూడు వంతుల లోపంతో కొలిచింది. విశ్వశాస్త్రంలో ఇంత గట్టిగా తెలిసిన అంకెలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆరోది మసక. తొలి నక్షత్రాలు వెలిగాక వాటి తీక్షణమైన కాంతికి అణువుల నుంచి ఎలక్ట్రాన్‌లు మళ్లీ విడివడ్డాయి. ఆ ఎలక్ట్రాన్‌లు దారిలో వస్తున్న మైక్రోవేవ్ వెలుగును కొంత చెదరగొట్టాయి. ఎంత చెదిరిందో చెప్పే అంకె టౌ. ప్లాంక్ విలువ 0.0544, అటూఇటూ 0.0073. ఆరింటిలో లోపం శాతం ఎక్కువ ఉన్నది దీనికే: పదమూడు శాతం పైగా. ఈ సంగతి చివర్లో అవసరపడుతుంది.

కోణం తెలిసినంత మాత్రాన

ఇంత కచ్చితంగా కోణం తెలిస్తే పదార్థం వాటా కూడా అంతే కచ్చితంగా ఎందుకు తెలియదు? కోణమంటే పొడవును దూరంతో భాగించగా వచ్చేది. ఆ దూరం పదార్థం ఎంతుంది, విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోంది, స్థలానికి వంపు ఉందా అనే వాటన్నిటి మీదా ఆధారపడుతుంది. ఒకటి పెంచి ఇంకొకటి తగ్గిస్తే అదే కోణం మళ్లీ వస్తుంది.

రెండు కిలోల కందిపప్పు, ఒక కిలో చింతపండు కలిపి 560 రూపాయలు అని ఒక బిల్లు చేతిలో ఉందనుకోండి. ధరలు విడిగా రాసి లేవు. పప్పు 160, చింతపండు 240 కావచ్చు. పప్పు 180, చింతపండు 200 కావచ్చు. మొత్తం పైసాతో సహా తెలిసినా ధరలు తెలియవు. ఇంకో బిల్లు తెచ్చారు: నాలుగు కిలోల పప్పు, రెండు కిలోల చింతపండు, 1,120 రూపాయలు. దానివల్ల ఒరిగేదేమీ లేదు, మొదటి దాన్నే రెట్టింపు చేసిన బిల్లది. అదే ఒక కిలో పప్పు, మూడు కిలోల చింతపండు, 880 రూపాయలు అని ఉంటే, వెంటనే పప్పు 160, చింతపండు 240 అని తేలిపోతుంది. రెండో బిల్లు మొదటి దానికంటే కచ్చితంగా ఉండనక్కర్లేదు. దానిలో పాళ్లు వేరుగా ఉంటే చాలు.

ప్లాంక్ బిల్లులో ఆ మొత్తం ఇలా ఉంటుంది. విశ్వం వ్యాకోచించే వేగాన్ని చెప్పే హబుల్ స్థిరాంకాన్ని 100తో భాగించి దాన్ని హెచ్ అందాం. పదార్థం వాటాను హెచ్‌తో మూడుసార్లు గుణిస్తే 0.0963 వస్తుంది. దీని లోపం 0.3 శాతమే. కానీ అందులోంచి పదార్థం వాటాను విడదీసేసరికి లోపం 2.3 శాతానికి, అంటే ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది. స్థలం వంపును కూడా తెలియని అంకెగా వదిలేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ప్లాంక్ ఇచ్చిన ఆ అంకెల పట్టికలను మాత్రమే తీసుకుంటే వంపు -0.044 అని వచ్చింది, అంటే విశ్వం బంతి ఉపరితలంలా మూసుకుపోయిందని. దీన్ని నిజంగానే తీసుకోవాలని 2019లో కొందరు శాస్త్రవేత్తలు గట్టిగా వాదించారు. వారి వాదన అర్థం లేనిది కాదు, డేటా ఒంటరిగా అలాగే చెప్పింది. అయితే గెలాక్సీల కొలత కలపగానే వంపు 0.0007, అటూఇటూ 0.0019 అయింది. అంటే సున్నాతో ఏ పేచీ లేదు.

గెలాక్సీల పటం

మైక్రోవేవ్ వెలుగులో గడ్డకట్టిన ఆ 48 కోట్ల కాంతి సంవత్సరాల గుర్తు పదార్థంలోనూ మిగిలింది. కాబట్టి ఒక గెలాక్సీ నుంచి అంత దూరంలో ఇంకో గెలాక్సీ దొరికే అవకాశం, మిగతా దూరాల కంటే ఒక పిసరు ఎక్కువ. ఆ పిసరును పట్టుకోవాలంటే లక్షల గెలాక్సీలు కావాలి. ఆస్ట్రేలియా నుంచి నడిచిన 2డీఎఫ్ సర్వే 2,21,414 గెలాక్సీలతో, అమెరికాలోని స్లోన్ సర్వే 46,748 ప్రకాశవంతమైన ఎర్ర గెలాక్సీలతో 2005లో దాన్ని పట్టుకున్నాయి.

స్లోన్ వాళ్ల పని విధానం చెప్పుకోదగ్గది. న్యూమెక్సికోలోని అపాచీ పాయింట్ దగ్గర 2.5 మీటర్ల టెలిస్కోపు. ఆకాశంలో ఏ గెలాక్సీ ఎక్కడుందో లెక్కగట్టి, అల్యూమినియం పళ్లేలలో సరిగ్గా ఆ చోట్లే రంధ్రాలు వేయించేవారు. పళ్లెం సియాటిల్‌లోని విశ్వవిద్యాలయంలో తయారయ్యేది. అబ్జర్వేటరీలో సిబ్బంది చేత్తో ఒక్కో పళ్లేనికి 640 కాంతి తీగలు గుచ్చేవారు. ఒక్కో తీగ ఒక్కో ఖగోళ వస్తువు వెలుగును పరికరంలోకి తెచ్చేది. ఆ వెలుగు ఎంత ఎరుపుకు జరిగిందో చూసి దూరం తీసేవారు. ఇప్పుడు డెసీలో ఆ పని 5,000 చిన్న రోబోలు చేస్తున్నాయి. అయినా విశ్వం మూడు కొలతల పటంలో మొదటి పెద్ద భాగం మనుషుల వేళ్లతో గుచ్చిన తీగల్లోంచి వచ్చిందన్నది మరిచిపోకూడదు.

గెలాక్సీలతో ఒక చిక్కుంది. అవి పదార్థం ఎక్కడుందో యథాతథంగా చూపవు. పదార్థం చిక్కగా ఉన్నచోట గెలాక్సీలు ఇంకా చిక్కగా ఉంటాయి, ఎంత చిక్కగా అన్నది గెలాక్సీ రకాన్ని బట్టి మారుతుంది. కాబట్టి గుంపు ఎంత ఒత్తుగా ఉందన్న దానికంటే, ఆ పిసరు ఎంత దూరంలో కనబడుతుందన్నదాన్నే ఎక్కువ నమ్ముతారు.

2004: మొదటి పెద్ద కలయిక

రెండు రకాల డేటాను పెద్ద ఎత్తున కలిపిన తొలి ప్రయత్నాల్లో మాక్స్ టెగ్మార్క్ బృందం 2004లో ఫిజికల్ రివ్యూ డి పత్రికలో వేసిన పత్రం ముఖ్యమైనది. డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం మొదటి ఏడాది మైక్రోవేవ్ కొలతలు ఒకవైపు, స్లోన్ సర్వేలోని 2 లక్షలకు పైగా గెలాక్సీలు ఇంకోవైపు. ఆ పత్రంలో నాకు నచ్చేది దాని నిజాయితీ: ఏ డేటాతో ఏది తెలుస్తుంది, ఏది తెలియదు అన్నది విడివిడిగా వేసి చూపించారు.

డబ్ల్యూమ్యాప్ ఒక్కదానితో హెచ్ విలువ 0.74. పైకి 0.18, కిందికి 0.07 వరకు జరగవచ్చు. అంటే హబుల్ స్థిరాంకం 67 నుంచి 92 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. గెలాక్సీలు కలిపాక 0.70. పైకి 0.04, కిందికి 0.03. అంటే 67 నుంచి 74. పదార్థం వాటా 0.25, అటూఇటూ 0.10గా ఉన్నది, 0.30, అటూఇటూ 0.04 అయింది. ఇక న్యూట్రినోలు: వాటి ద్రవ్యరాశి 11 ఎలక్ట్రాన్ వోల్టుల లోపు అని మాత్రమే డబ్ల్యూమ్యాప్ చెప్పగలిగింది. గెలాక్సీలు కలపగానే ఆ హద్దు 0.6కు దిగింది. ఒక్కసారిగా పద్దెనిమిది రెట్లు! స్థలం వంపును తెలియని అంకెగా వదిలేసినప్పుడు విశ్వం వయసు 1,630 కోట్ల ఏళ్లు అని వచ్చింది. గెలాక్సీలూ సూపర్‌నోవాలూ కలిపితే 1,410 కోట్లు. ఇప్పుడు మనం చెప్పుకునే వయసు, 2018లో ప్లాంక్‌నూ గెలాక్సీలనూ కలిపి తీసినది, 1,378.7 కోట్లు, లోపం 2 కోట్లు.

ఇలా కలిపితే వచ్చే లాభాన్ని ముందే అంచనా వేయవచ్చు: ఒక సర్వే మీద కోట్ల డాలర్లు పెట్టే ముందు, దాని వల్ల ఏ అంకె లోపం ఎంత తగ్గుతుందో ముందే లెక్కవేస్తారు. ఆ లెక్కకు పునాది మనవాడు వేసినదే. తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు 1945లో, పాతికేళ్లు నిండకముందే, ఒక పత్రం రాశారు. డేటాలో ఉన్న సమాచారం ఇంత అని తెలిస్తే, ఎంత తెలివైన పద్ధతి వాడినా లోపం ఫలానా హద్దు కంటే తగ్గదని అందులో నిరూపించారు. స్వీడన్‌కు చెందిన హెరాల్డ్ క్రామెర్ కూడా విడిగా అదే చేరుకోవడంతో దానికి క్రామెర్–రావు హద్దు అని పేరు. విశ్వశాస్త్రజ్ఞులు ప్రతి కొత్త టెలిస్కోపుకు ముందు వేసే అంచనా పట్టికలన్నిటికీ ఆధారం ఈ హద్దే. రెండు డేటాలను కలపాలంటే వాటి సమాచారపు పట్టికలను కూడితే చాలు, ఏ దిశలో ఏది బలహీనమో ఆ పట్టికే చెబుతుంది; అదే ఇందులోని అందం. రావు గారు 2023 ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో అమెరికాలోని బఫెలోలో కన్నుమూశారు.

డెసీ అంకెలను చేతులతో కలిపి చూద్దాం

కిట్ పీక్ అనే కొండ టొహోనో ఓధమ్ ప్రజల నేల. అక్కడి నాలుగు మీటర్ల మేయాల్ టెలిస్కోపు మీద డెసీ 2021 మే నుంచి సర్వే నడుపుతోంది. మూడేళ్ల డేటాలో 1.4 కోట్లకు పైగా గెలాక్సీలు, క్వేజార్‌లు ఉన్నాయి. ఫలితం ముందే చూసి తెలియకుండానే లెక్కను దానికి సర్దుకోకుండా, విశ్లేషణ పూర్తయ్యేదాకా అసలు అంకెలు తమకే కనబడకుండా దాచుకుని పనిచేశారు.

డెసీ ఒంటరిగా హబుల్ స్థిరాంకాన్ని చెప్పలేదు. అది చెప్పేది హెచ్‌నూ, శబ్దం పోయిన ఆ దూరాన్నీ గుణిస్తే వచ్చే అంకె: 101.54. ఇది ఇంకో బిల్లు మొత్తం. ఆ దూరం 147.09 అని మైక్రోవేవ్ వైపు నుంచి తెలుసు. భాగిస్తే 0.690, అంటే హబుల్ స్థిరాంకం 69.0. ప్లాంక్ ఒంటరిగా చెప్పింది 67.36. రెంటినీ సరైన పద్ధతిలో కలిపి డెసీ ఇచ్చింది 68.17, అటూఇటూ 0.28.

ఇప్పుడు పదార్థం వాటా. లోపాలు 0.0073, 0.0086. ఒకే వస్తువును రెండుసార్లు కొలిచి సగటు తీసినట్టు తీస్తే, మిగిలే లోపం 0.0056. కానీ డెసీ బృందం కలిపి ఇచ్చిన విలువ 0.3027, లోపం 0.0036. వారు వాడిన మైక్రోవేవ్ డేటా 2018 నాటి కంటే కొంచెం మెరుగైనదే. కానీ ఇంత తగ్గుదల అందువల్ల వచ్చింది కాదు. రెండు సాక్ష్యాలూ తెలియదని చెబుతున్న దిశలు వేర్వేరు కావడం వల్ల వచ్చింది. పప్పూ చింతపండూ లెక్కలో పాళ్లు మారిన రెండో బిల్లు చేసిన పనే ఇది.

అయితే ఈ లాభానికి ఒక షరతుంది. రెండు సాక్ష్యాలూ ఒకే విశ్వాన్ని చూస్తున్నట్టు ఉండాలి. అవి కొట్లాడుకుంటుంటే కలిపి వచ్చిన చిన్న లోపం మోసం చేస్తుంది. పదార్థం వాటా ఒక్కటే చూస్తే తేడా 1.6 సిగ్మాలు, అంటే రెంటి ఉమ్మడి లోపానికి 1.6 రెట్లు. హెచ్‌తో కూడిన ఆ రెండో అంకెను కూడా కలుపుకుని డెసీ లెక్కవేస్తే 2.3 సిగ్మాలు. 2.3 సిగ్మాల తేడా కాకతాళీయంగా రావడానికి 47లో ఒకసారి అవకాశం. విశ్వశాస్త్రంలో ఇలాంటివి వస్తాయి, పోతాయి. పదార్థం ఎంత గుంపుగా ఉందో చెప్పే ఎస్8 అనే అంకె ప్లాంక్‌లో 0.832 ఉంటే, కిడ్స్ అనే గెలాక్సీల సర్వే 2020లో 0.76 దగ్గర చెప్పింది. ఐదేళ్లపాటు దాని మీద పత్రాలు కుప్పలుగా వచ్చాయి. 2025లో అదే సర్వే మొత్తం డేటాతో, మెరుగైన దూరాలతో లెక్క మళ్లీ వేస్తే 0.815 వచ్చింది. పేచీ దాదాపు పోయింది. మరోవైపు, దగ్గరి నక్షత్రాల, సూపర్‌నోవాల నుంచి ఆడమ్ రీస్ బృందం 2022లో తీసిన హబుల్ స్థిరాంకం 73.04, అటూఇటూ 1.04. ప్లాంక్‌తో దాని తేడా 5 సిగ్మాలు, అంటే కాకతాళీయం కావడానికి 17 లక్షల్లో ఒక అవకాశం. 73నీ 67నీ కలిపి 70 అని రాసుకోవడంలో అర్థం లేదు. అలాంటి వాటిని కలపకుండా ఉంచి కారణం వెదకడమే సరైన పని.

న్యూట్రినోకు చోటేది?

ఇప్పుడు ఆ 1.78 పాళ్ల సందు దగ్గరికి వద్దాం. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని 1998లో జపాన్‌లోని సూపర్-కమియోకాండే చూపించింది. ఒక రకం న్యూట్రినో ఇంకో రకంగా మారే తీరును బట్టి, మూడింటి ద్రవ్యరాశులూ కలిపి కనీసం 0.059 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. రెండు బరువైనవి, ఒకటి తేలికైనది అనే తలకిందుల వరుస నిజమైతే కనీసం 0.10. ఇవి ప్రయోగశాలలు తేల్చిన కింది హద్దులు. విశ్వశాస్త్రం తేల్చేది పై హద్దు. 2018లో ప్లాంక్‌తో గెలాక్సీలు కలిపితే 0.12, 2025లో డెసీతో కలిపితే 0.064. జర్మనీలోని కాట్రిన్ ప్రయోగం నేరుగా ఎలక్ట్రాన్ న్యూట్రినో మీద పెట్టిన పై హద్దు 0.45 అని గుర్తుంచుకుంటే, ఆకాశాన్ని చూసి ఒక కణం ద్రవ్యరాశిని ఇంత బిగించడం ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది.

కానీ పై హద్దు 0.064, కింది హద్దు 0.059. మధ్యలో ఊపిరాడే చోటు లేదు. ఇంకా చెప్పాలంటే, గణితాన్ని సున్నా కిందికి కూడా పోనిస్తే, డేటాకు బాగా సరిపడే విలువ సున్నా కంటే తక్కువలో ఉంది. అలాంటి ద్రవ్యరాశి ఉండదు. ఎక్కడో ఏదో సరిగా కుదరడం లేదన్నమాట.

దీని మూలం ఇది. మైక్రోవేవ్ వెలుగు బయలుదేరిన నాడు న్యూట్రినోలు కాంతిలా పరుగెడుతున్నాయి. తర్వాత వేగం తగ్గి, పదార్థం ఖాతాలో చేరాయి. మామూలు పదార్థం, కృష్ణ పదార్థం ఎంతో ప్లాంక్ ముందే చెప్పేసింది. దాని మీద న్యూట్రినోల వాటా కలిపితే నేటి పదార్థం మొత్తం పెరగాలి. డెసీ మాత్రం పదార్థం ప్లాంక్ అనుకున్నదానికంటే తక్కువే ఉందంటోంది. ముందే ఎక్కువైన ఖాతాలో ఇంకొంచెం చేర్చడానికి వీల్లేదు. 0.06 ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినోలు పదార్థంలో అర శాతం కూడా ఉండవు. అయినా చిన్న దూరాల్లో పదార్థం గుమికూడే బలాన్ని అవి మూడు నాలుగు శాతం తగ్గిస్తాయి. ఆ తగ్గుదల జాడ కూడా ఆశించినంత కనబడటం లేదు.

బయటపడే దారి ఒకటి కృష్ణశక్తి. అది స్థిరం కాదు, కాలంతో మారుతోంది అనుకుంటే ఖాతా సర్దుకుంటుంది. న్యూట్రినోల పై హద్దు 0.16కు సడలుతుంది. డెసీ, మైక్రోవేవ్ డేటా కలిపితే మారే కృష్ణశక్తికి 3.1 సిగ్మాల మొగ్గు ఉంది, దాదాపు 500లో ఒకటి. సూపర్‌నోవాలు కూడా కలిపితే, ఏ సూపర్‌నోవా పట్టిక వాడారన్నదాన్ని బట్టి 2.8 నుంచి 4.2. పట్టిక మార్చితే ఇంత మారే ఫలితాన్ని కనుగొన్నామని అనడం తొందరపాటవుతుందని నా అభిప్రాయం. ఈ లెక్కలో ప్రతి అదనపు డేటా తన లోపాలను కూడా వెంట తెస్తుంది.

రెండో దారి ఆ మసక, టౌ. పత్రికల్లో దాని మాట తక్కువే వినిపిస్తుంది గానీ నాకు ఇది ఎక్కువ ఆసక్తికరం. డబ్ల్యూమ్యాప్ మొదటి ఏడాది టౌ 0.17 అంది. తొమ్మిదేళ్ల డేటాతో 0.089 అంది. ప్లాంక్ 0.0544 అంది. పదిహేనేళ్లలో మూడో వంతుకు దిగిన అంకె ఇది. టౌ నిజంగా 0.09 దగ్గర ఉంటే, ప్లాంక్ చెప్పే పదార్థం వాటా తగ్గి డెసీ వైపు జరుగుతుంది, న్యూట్రినోలకు చోటు దొరుకుతుంది, కృష్ణశక్తి మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది. ఇలా 2025లో ఒకటికి మించిన బృందాలు చూపించాయి. చిక్కేమిటంటే, టౌను నేరుగా చెప్పేది ఆకాశమంతా పరుచుకున్న అతి పెద్ద కోణాల్లోని ధ్రువణ సంకేతం. అది అతి బలహీనం, మన పాలపుంత ధూళిలో ఎక్కువ కలిసిపోయేది కూడా అదే. అయినా ప్లాంక్ ఆ కొలతలో 0.035 తప్పు చేసిందంటే, తాను చెప్పుకున్న లోపానికి దాదాపు ఐదు రెట్లు తప్పు చేసినట్టే. అది తేలిగ్గా నమ్మగలిగేది కాదు. జపాన్ తలపెట్టిన లైట్‌బర్డ్ ఉపగ్రహం ఈ కొలతను మళ్లీ తీయాలి.

ఈలోగా వేరేచోట నుంచి జవాబు రావచ్చు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో, నేలకు 700 మీటర్ల లోతున, 20,000 టన్నుల ద్రవంతో నిండిన జూనో ప్రయోగం 2025 ఆగస్టులో డేటా తీయడం మొదలుపెట్టింది. న్యూట్రినోల వరుస మామూలుదా, తలకిందులుదా అని తేల్చడం దాని పని. దానికి కొన్నేళ్లు పడుతుంది. మామూలు వరుస అని తేలితే కింది హద్దు 0.059 దగ్గరే ఉంటుంది, వాదన కొనసాగుతుంది. తలకిందులు అని తేలితే కింది హద్దు 0.10 అవుతుంది. అప్పుడు మైక్రోవేవ్ నేపథ్యాన్నీ గెలాక్సీలనూ కలిపి తీసిన 0.064 నిలబడదు. ఆ రెండు డేటాల్లో ఒకటైనా, వాటిని కలిపిన ఆరు అంకెల నమూనా అయినా మారక తప్పదు.